ఒకటో తరగతి గది – ఇంటివాళ్ళం తెలుసుకోవలసిన సంగతులు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను డి.ఆర్. బకాయిల గురించి మాట్లాడమన్నారు. ఆ విషయం మాట్లాడటానికి నాకన్నా గట్టి గొంతులున్నవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను వేరే సంగతి చెబుతానని వారి అనుమతి తీసుకున్నాను. జూన్ నెలలో ఏ బడి గేటు దగ్గరైనా ఒక్కసారి నిలబడి చూడండి. ఒక చేతిలో మనవడి చెయ్యి, రెండో చేతిలో వాడి సంచీ, భుజానికి నీళ్ళ సీసా. అక్కడ నిలబడ్డది ఎవరు? మనమే. తల్లీ తండ్రీ ఉద్యోగాలకు పోతే ఒకటో తరగతి వ్యవహారమంతా మన టేబులు మీదకే వస్తోంది. కాబట్టి ఇది మన సంఘానికి సంబంధించిన విషయమేనని మనవి చేస్తున్నాను.

నేను పాఠం చెప్పినవాణ్ణి కాను, గుమాస్తాని. 1972లో పంచాయతీ సమితి ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరాను. ఎక్కువ కాలం విద్యాశాఖ కాగితాలే చూశాను. 2007 జూన్ 30న మండల విద్యాధికారి కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేశాను. ముప్ఫయ్యయిదేళ్ళు బళ్ళ గురించిన ఫైళ్ళు నడిపాను. బడి గది లోపల ఏం జరుగుతుందో మాత్రం రిటైరయ్యాక, మా మనవడి వల్ల నేర్చుకున్నాను. అదీ ఆలస్యంగా, ఒక తప్పు చేసిన తరువాత నేర్చుకున్నాను. ఆ తప్పు కూడా ఇవాళ దాచుకోకుండా చెబుతాను.

ముందు నాకు బాగా తెలిసిన కాగితం సంగతి చెబుతాను.

ఈ హాల్లో జూలై ఒకటిన పుట్టినవాళ్ళు ఎంతమందో చెయ్యెత్తమంటే సగం చేతులు లేస్తాయి. మన తల్లులందరూ కూడబలుక్కుని ఒకే రోజున కనలేదు కదా! అది బళ్ళో మాస్టారుగారు వేసిన తేదీ. నేను పుట్టింది 1950 ఏప్రిల్లో. 1954లో మా నాన్నగారు నన్ను తెనాలి తాలూకాలో మా ఊరి ఏకోపాధ్యాయ పాఠశాలకు తీసుకుపోయారు. "అయిదు నిండాలండీ" అన్నారు మాస్టారు. "నిండినట్టే వెయ్యండి" అన్నారు మా నాన్నగారు. 1949 జూలై 1 అని పడింది. ఒక్క నిమిషం పని. దాని ఫలితంగా పది నెలల సర్వీసు పోయింది. 1984 నాటి పుట్టిన తేదీ నిబంధనలు మీకందరికీ తెలుసు. సర్వీసు రిజిస్టరులో ఒకసారి ఎక్కింది దిగదు. ఇతరుల దరఖాస్తులు తిప్పి పంపుతూ నేనే ఎన్నోసార్లు ఆ మాట రాశాను. నా విషయంలో రాయవలసిన అవసరం కూడా రాలేదు.

పోయిన జీతం కంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. నాలుగేళ్ళ పిల్లవాణ్ణి అయిదేళ్ళవాళ్ళ మధ్య కూర్చోబెట్టారు. నాకు బలపం పట్టు కుదరడానికే ఏడాది పట్టింది. మొద్దబ్బాయి అనే పేరు మూడో తరగతి దాకా నన్ను వదలలేదు. నేను మొద్దును కాను, చిన్నవాణ్ణి. ఆ తేడా చెప్పేవాళ్ళు అప్పుడు లేరు.

అందుచేత మొదటి విన్నపం. వయసు తోసెయ్యకండి. 2009లో చేసి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు చేసిన విద్యాహక్కు చట్టం ఆరేళ్ళ నుంచి పధ్నాలుగేళ్ళ దాకా పిల్లలకు వర్తిస్తుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఒకటో తరగతికి ఆరేళ్ళ వయసునే చెప్పింది. ఏ తేదీ నాటికి లెక్క వేస్తారో బళ్ళోనే అడిగి తెలుసుకోండి. "ఏడాది కలిసొస్తుంది" అనే మాట మన ఇళ్ళలో తరచు వినబడుతుంది. కలిసొచ్చిన ఏడాదిని పిల్లవాడు ఎక్కడో ఒకచోట వడ్డీతో సహా కట్టుకోవలసిందే.

రెండోది జనన ధృవీకరణ పత్రం. 2023లో జనన మరణాల నమోదు చట్టాన్ని సవరించారు. ఆ సంవత్సరం అక్టోబరు 1 నుంచి, ఆ తేదీన గానీ ఆ తరువాత గానీ పుట్టినవాళ్ళకు బడి చేర్పించడం మొదలు పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి ఆ పత్రమే ఆధారం. ఆసుపత్రిలో నమోదు చేసేటప్పుడు బిడ్డకు పేరు పెట్టి ఉండం కాబట్టి చాలా పత్రాల్లో పేరు గడి ఖాళీగా ఉంటుంది. నమోదైన పన్నెండు నెలల లోపల రుసుము లేకుండానే పేరు ఎక్కిస్తారు. ఆ తరువాత పదిహేనేళ్ళ దాకా ఆలస్యపు రుసుము కట్టి ఎక్కించుకోవచ్చు. ఇంటిపేరు, అక్షరాల వరుస జనన పత్రంలో ఎలా ఉన్నాయో బడి రిజిస్టరులోనూ, ఆధారులోనూ అలాగే ఉండేట్టు చూడండి. పదో తరగతి సర్టిఫికెట్టులో తప్పు పడ్డాక పరుగెత్తినవాళ్ళను నేను వందలమందిని చూశాను. ఆ తప్పులకు మూలం చాలావరకు ఒకటో తరగతి అడ్మిషను ఫారమే. ఆ ఫారం మీరే నింపి, మీరే రెండుసార్లు చదివి ఇవ్వండి. పత్రం లేదన్న కారణంతో బిడ్డను చేర్చుకోకుండా ఉండటానికి మాత్రం వీల్లేదు. అది విద్యాహక్కు చట్టం 14వ సెక్షను. చేర్చుకోవడానికి పిల్లవాడికి గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష పెట్టకూడదని 13వ సెక్షను చెబుతుంది.

ఇక గది లోపలికి వద్దాం.

మనం చదువుకున్న పద్ధతి వేరు. ఇసుకలో దిద్దాం. తరువాత పలక మీద అ ఆ లు, గుణింతాలు, ఒత్తులు వరసగా దిద్దాం. అర్థం తరువాత వచ్చింది, కొందరికి రానే లేదు. ఇప్పటి పుస్తకం అలా మొదలు కాదు. ముందు బొమ్మ చూపించి మాట్లాడిస్తారు. మాటలోంచి అక్షరాన్ని విడదీస్తారు. ఆ అక్షరంతో ఇంకో మాట కట్టిస్తారు. జూలై నెలాఖరుకు మనం నోటు పుస్తకం తెరిచి "ఇంకా క గుణింతం రాలేదేమిటి?" అని కంగారు పడతాం. 2021లో కేంద్రం 'విద్యా ప్రవేశ్' పేరుతో ఒకటో తరగతికి మొదటి మూడు నెలలు ఆటపాటల కార్యక్రమం ఇచ్చింది. పాడటం, కథ వినడం, రంగులు వేయడం, బంకమట్టితో బొమ్మలు చేయడం అన్నీ చదువులో భాగమే. మట్టి పిసికిన వేలికి పెన్సిలు పట్టే బలం వస్తుంది. కథ విన్న చెవికి మాట తెలుస్తుంది. మాట తెలిసినవాడికే అక్షరంతో పని పడుతుంది.

అదే సంవత్సరం జూలై 5న మొదలైన 'నిపుణ్ భారత్' పెట్టుకున్న లక్ష్యం ఏమిటంటే, మూడో తరగతి ముగిసేసరికి పిల్లవాడు అర్థం చేసుకుంటూ చదవాలి, సాధారణ లెక్కలు చెయ్యాలి. మూడో తరగతి ముగిసేసరికి అన్న మాట గమనించండి. అంటే ప్రభుత్వమే మూడేళ్ళ గడువిచ్చింది. మనం మాత్రం దసరా సెలవుల లోపే అంతా కావాలంటున్నాం.

లెక్కల సంగతీ అంతే. మా మనవడు నూరు వరకూ గడగడా అప్పజెబుతుంటే వచ్చినవాళ్ళందరికీ వినిపించి మురిసిపోయేవాణ్ణి. ఒకరోజు మా ఆవిడ "పదమూడు చింతగింజలు తీసి పెట్టరా" అంటే పదకొండు పెట్టాడు. నోటికి వచ్చినది చేతికి రాలేదన్నమాట. బడిలో పుల్లలు, గింజలు, గవ్వలు పోసి చేయించేది ఇందుకే. వంటింట్లో ఆ పని ఇంకా బాగా జరుగుతుంది. నలుగురికి నాలుగు కంచాలు పెట్టమనండి, మనిషికి రెండు గారెల చొప్పున వడ్డించమనండి. మూడు అంకెను తిరగేసి రాసినా, ద కు, ధ కు తేడా మరిచిపోయినా ఆ వయసులో అది మామూలే. పెద్దయినా పోకపోతే అప్పుడు టీచరుతో మాట్లాడాలి.

ఇంటిపని గురించి ఒక మాట. 2020లో వచ్చిన బడిసంచీ విధానం ప్రకారం రెండో తరగతి వరకు ఇంటిపని ఇవ్వకూడదు. సంచీ బరువు పిల్లవాడి బరువులో పదో వంతుకు మించకూడదు. ఒకటి, రెండు తరగతులకు 1.6 నుంచి 2.2 కిలోలు అని లెక్క కూడా వేశారు. ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. 1989లో రచయిత ఆర్.కె. నారాయణ్ రాజ్యసభలో పిల్లల సంచీ బరువు మీదే మాట్లాడారు. 1993లో యశ్‌పాల్ కమిటీ బరువు లేని చదువు గురించి నివేదిక ఇచ్చింది. ఇన్నేళ్ళయినా సంచీ తేలిక కాలేదంటే అందులో మన పాత్ర కూడా ఉంది. ఇంటిపని ఇవ్వని బడి మంచిది కాదని పిల్లల్ని మాన్పించేది మనమే కదా! మా మనవడి సంచీని ఒకరోజు కూరగాయల కొట్టు కాటా మీద పెట్టించాను. నాలుగున్నర కిలోలు తూగింది. వాడు పద్ధెనిమిది కిలోలు. అందులో ఆ రోజు అవసరం లేనివే సగం. ప్రతి రాత్రీ టైంటేబులు చూసి సర్దితే అయిపోయేది. ఆ పని నేను చేయలేదు.

టీచరు గురించి కూడా తెలుసుకోవాలి. విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం ప్రాథమిక పాఠశాలలో అరవైమంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు. తరగతులేమో అయిదు. అంటే చిన్న ఊళ్ళలో ఒకటో తరగతి టీచరు అదే గదిలో రెండో తరగతినో, మూడో తరగతినో కూడా చూస్తూ ఉండవచ్చు. పొద్దున్న గంట కొట్టే వేళకు మనం గుమ్మం దగ్గర నిలబెట్టి పది నిమిషాలు మాట్లాడితే, ఆ పది నిమిషాలూ గదిలో పిల్లలందరివీ పోతాయి. చెప్పవలసింది చీటీ మీద రాసి ఇవ్వండి, లేదా సాయంత్రం వెళ్ళండి. బళ్ళో పాఠశాల యాజమాన్య కమిటీ ఉంటుంది. సభ్యుల్లో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండాలి. మినిట్సు పుస్తకం ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించుకున్న రోజులు నాకు తెలుసు. అలాంటి పుస్తకాలు మా ఆఫీసు బీరువాలో భద్రంగా ఉండేవి. మీ కోడలినో, కూతురినో సమావేశానికి వెళ్ళమనండి. ఆ సమయంలో పిల్లల్ని మనం చూసుకుందాం.

ఇప్పుడు నా తప్పు సంగతి.

2014 జూన్లో మా అమ్మాయి కొడుకు మా దగ్గర ఉండి ఒకటో తరగతిలో చేరాడు. అల్లుడికి, అమ్మాయికి బెంగుళూరులో ఉద్యోగాలు. ఆరేళ్ళ పిల్లవాడు తల్లిని విడిచి ఉన్నాడన్న సంగతి కూడా నా బుర్రకు తగినంతగా ఎక్కలేదు. నేను ఆఫీసు పద్ధతిలో ప్రతి సాయంత్రం నోటు పుస్తకం తెప్పించుకుని తనిఖీ చేసేవాణ్ణి. బోర్డు మీదనుంచి రాసుకొచ్చినది ప్రతిరోజూ తప్పే. కమలం అని ఉండవలసిన చోట కవలం. మనం అని ఉండవలసిన చోట వనం. ఇంట్లో నేను దగ్గర కూర్చుని చెబితే మ చక్కగా రాసేవాడు. మర్నాడు మళ్ళీ వ. కావాలని చేస్తున్నాడనుకున్నాను. ఒకరోజు చెక్క స్కేలు తీసుకుని వేళ్ళ కణుపుల మీద కొట్టాను. "కళ్ళు కనబడటం లేదట్రా?" అని కూడా అన్నాను. వాడు ఏడవలేదు. చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

ఆ వారంలోనే టీచరమ్మ నన్ను పిలిచింది. చిన్నపిల్ల, నా కూతురి కంటే చిన్నది. "తాతగారూ, బాబు బోర్డు చూసి రాయడం లేదండీ. పక్క అమ్మాయి పుస్తకం చూసి రాస్తున్నాడు. చూసినా తల పక్కకి వాల్చి, కళ్ళు చికిలించి చూస్తున్నాడు. ఒకసారి కంటి డాక్టరుకు చూపించండి" అంది. నాకు పక్కవాళ్ళది చూసి రాస్తున్నాడన్న మాట ఒక్కటే వినబడింది. "నేను విద్యాశాఖలో ముప్ఫయ్యయిదేళ్ళు చేశానమ్మా, మా ఇంట్లో ఎవరికీ అద్దాలు లేవు, మీరు పాఠం సరిగ్గా చెప్పండి" అని వచ్చేశాను. ఇంటికొచ్చి వాణ్ణి మళ్ళీ తిట్టాను. అలా మూడు వారాలు గడిచాయి. ఆ మూడు వారాల్లో స్కేలు ఎన్నిసార్లు తీశానో లెక్క చెప్పలేను. చివరకు మా ఆవిడ నాతో చెప్పకుండా పక్కింటి వాళ్ళ సాయంతో ఆసుపత్రికి తీసుకుపోబోతే, నేను కూడా బయలుదేరాను.

రెండు కళ్ళకూ మైనస్ మూడు దగ్గర ఉందన్నారు డాక్టరుగారు. దగ్గరివి బాగానే కనబడతాయి, అందుకే ఇంట్లో పుస్తకం చదువుతాడు. దూరానివన్నీ అలికినట్టు ఉంటాయి. బోర్డు మీద మ కు, వ కు వాడికి తేడా తెలియదు. "ఎందుకు చెప్పలేదురా నాన్నా?" అని అడిగాను. "అందరికీ అలాగే కనబడుతుందనుకున్నా తాతయ్యా" అన్నాడు. పిల్లలు తమంతట తాము చెప్పరండీ. తమకు కనబడేదే లోకమనుకుంటారు.

అద్దాలు వచ్చిన రోజు బస్టాండులో నిలబడ్డాం. దూరంనుంచి బస్సు వస్తుంటే వాడు నా చెయ్యి లాగి, "తాతయ్యా, బస్సు మీద అక్షరాలున్నాయి!" అన్నాడు. అన్నాళ్ళూ వాడు రంగు చూసి బస్సును గుర్తుపడుతున్నాడు. ఊరు చేరేదాకా దారిలో ప్రతి బోర్డూ కూడబలుక్కుని చదివాడు. ఇల్లు దగ్గర పడుతుండగా, "అయితే అది నా తప్పు కాదుగా?" అని అడిగాడు. అప్పుడు నాకు జవాబు రాలేదు. మర్నాడు పొద్దున్న వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నీ తప్పు కాదు నాన్నా, తప్పు నాది" అని చెప్పాను. తరువాత బడికి వెళ్ళి టీచరమ్మకు కూడా అదే చెప్పాను. సర్వీసులో మెమోలకు ఎన్నో సంజాయిషీలు రాసిన చెయ్యి ఇది. ఏ సంజాయిషీ కూడా ఆ రెండు మాటలంత కష్టం కాలేదు.

ఇప్పుడు వాడు నాకంటే ఎత్తు ఎదిగాడు. నన్ను ప్రేమగానే చూస్తాడు. కానీ చాలా ఏళ్ళపాటు నేను పక్కకు వచ్చి కూర్చుంటే నోటు పుస్తకం మూసేసేవాడు. అది నేను సంపాదించుకున్నదే.

విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బళ్ళో పిల్లల్ని కొట్టడాన్ని, మనసు నొప్పించి వేధించడాన్ని నిషేధించింది. టీచరు కొడితే మనం ఫిర్యాదు చేయవచ్చు. తాత కొడితే పిల్లవాడు ఎవరికి ఫిర్యాదు చేస్తాడు? ఆ సెక్షనును మన ఇంటి గోడ మీద మనమే రాసుకోవాలి.

చివరగా, చెయ్యవలసినవి క్లుప్తంగా చెబుతాను. బడిలో వేయకముందే కళ్ళు, చెవులు పరీక్ష చేయించండి. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఆరోగ్య బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ పాఠశాలలకు వచ్చి పిల్లలను చూస్తున్నాయి. వాళ్ళు రాసిచ్చిన చీటీ సంచీ అడుగున ఉండిపోకుండా చూడండి. పిల్లవాడు బళ్ళో బాత్రూముకు వెళుతున్నాడో, సిగ్గుపడి సాయంత్రం దాకా బిగపట్టుకుంటున్నాడో నెమ్మదిగా కనుక్కోండి. దానికి భయపడి నీళ్ళు తాగడం మానేసే పిల్లలు ఉంటారు. మధ్యాహ్న భోజనం ఉన్న బడి అయితే, ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల ధాన్యం, 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది లెక్క. ఒకరోజు వెళ్ళి కంచం చూసి రండి. ఎవరినీ దబాయించనక్కరలేదు. చూసి వస్తే చాలు.

సాయంత్రం ఇంటికి రాగానే "ఏం రాశావు, ఎన్ని మార్కులు?" అని అడగకండి. "ఎవరి పక్కన కూర్చున్నావు? ఇవాళ ఏం కథ చెప్పారు?" అని అడగండి. అటువంటి ప్రశ్నలకు వచ్చే జవాబుల్లోనే మీకు కావలసిన సమాచారమంతా దొరుకుతుంది. ఇంగ్లీషు మాధ్యమమైనా భయపడవద్దు. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఒక పక్క తెలుగు, ఎదురు పక్క ఇంగ్లీషుగా వస్తున్నాయి. మన వంతు పని తెలుగు పేజీ. చక్కని తెలుగులో కథలు చెప్పడం, పొడుపు కథలు వేయడం మనకు వచ్చు. మాటలు ఎక్కువ తెలిసిన పిల్లవాడు ఏ భాషలోనైనా త్వరగా చదువుతాడు.

టీచరు ఏదైనా చెబితే, మన హోదా, సర్వీసు పక్కన పెట్టి పూర్తిగా వినండి. రోజుకు ఆరేడు గంటలు మన పిల్లవాణ్ణి చూస్తున్న మనిషి ఆమె. నేను ఆ రోజు విని ఉంటే వాడికి మూడు వారాల దెబ్బలు తప్పేవి.

 వచ్చే జూన్లో బడి గేటు దగ్గర కలుసుకుందాం.